తాళం తీసేస్తే సరిపోదు

కొన్నేళ్ల క్రితం మేము నడుపుతున్న ఒక సర్వీసును 8 కోర్ల (ఒకేసారి విడివిడిగా లెక్కలు చేయగల భాగాల) యంత్రం మీద నుంచి 64 కోర్ల యంత్రం మీదికి మార్చాం. ఎనిమిది రెట్లు కాకపోయినా కనీసం నాలుగైదు రెట్లయినా ఎక్కువ పని జరుగుతుందని అందరమూ అనుకున్నాం. తీరా చూస్తే, త్రెడ్ల, అంటే ఒకేసారి నడిచే పనివరసల, సంఖ్య పెంచుతూ పోగా ఒక చోట గ్రాఫు పెరగడం ఆగిపోయింది, ఆ తర్వాత కిందికి దిగడం మొదలుపెట్టింది. పెరగకపోతే ఎక్కడో ఒక భాగం వరుసగా నడుస్తోందని సర్దిచెప్పుకోవచ్చు. కూలీలను పెంచిన కొద్దీ కోత తగ్గిపోవడం మాత్రం మా లెక్కకు అందలేదు. సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూపే ప్రొఫైలర్ పెట్టి చూస్తే దొరికింది ఒక చిన్న పూర్ణాంకం. వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ ఒకటి కలిపే కౌంటర్ అది, దానికి కాపలాగా ఒక మ్యూటెక్స్, అంటే ఒక్కసారికి ఒక్క త్రెడ్డునే లోపలికి రానిచ్చే లాక్. ఆ లాక్ తీసేసి, మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగులో ఒకటి కలిపే అటామిక్ ఇంక్రిమెంట్ పెట్టాను, పీడ వదిలిందనుకున్నాను. గ్రాఫు మొత్తంగా కాస్త పైకి జరిగింది గానీ దాని ఆకారం మాత్రం మారలేదు.

ఆ గ్రాఫు ఎందుకు అలా ఉందో అర్థం చేసుకునే ప్రయత్నంలో, ఎక్కువ కోర్లు కలిసి వాడుకునే డేటా స్ట్రక్చర్ల గురించి నాకు ఒక అభిప్రాయం ఏర్పడి, ఏళ్లు గడిచే కొద్దీ బలపడింది. వాటి వేగాన్ని నిర్ణయించేది లాక్ ఉండడమో లేకపోవడమో కాదు, ఎన్ని కోర్లు ఒకే క్యాష్ లైన్‌లో, అంటే కోర్ దగ్గరుండే వేగవంతమైన మెమొరీలోకి ఒకేసారి వచ్చిపోయే ముక్కలో, రాయడానికి పోటీ పడుతున్నాయన్నది. ఆ పోటీ కూడా చాలాసార్లు కోడులో పుట్టదు, ఆ స్ట్రక్చర్ తన వాడుకరులకు ఏం హామీ ఇస్తుందని మనం ముందే ఒప్పుకున్నామో ఆ ఒప్పందంలో పుడుతుంది. ఇంటర్వ్యూల్లోనూ కాఫీ కబుర్లలోనూ, లాకులు వాడని కోడుకు పెట్టిన 'లాక్-ఫ్రీ' అన్న మాట ఒక బిరుదులా చెలామణీ అవుతున్న రోజుల్లో ఈ మాట కాస్త నింపాదిగా వాదించి చెప్పవలసినదని నాకనిపిస్తోంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. ఒక కోర్ మెమొరీలోని ఒక అంకెను మార్చాలంటే ఆ అంకె ఉన్న క్యాష్ లైన్ మొత్తం, అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో 64 బైట్లు, ఆ కోర్ సొంత క్యాష్‌లోకి రావాలి; అప్పటికి ఇతర కోర్ల దగ్గరున్న నకళ్లన్నీ రద్దయిపోయి ఉండాలి. 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, ఇప్పుడు 'మెసీ' అన్న పేరుతో చలామణీలో ఉన్న పద్ధతిలోనూ దాని వారసుల్లోనూ నియమం ఇదే: చదివేవారికి ఎన్ని నకళ్లయినా ఉండవచ్చు, రాసే హక్కు మాత్రం ఒక్క సమయంలో ఒక్కరికే. ఊరంతటికీ ఒకటే దస్తరం ఉందనీ, ఎవరు పద్దు రాయాలన్నా ఆ దస్తరం వాళ్ల అరుగు మీదికే రావాలనీ అనుకోండి. పద్దు రాయడానికి పట్టేది క్షణమే, దస్తరం వీధులు దాటి రావడానికి పట్టేది పూట. తనకు అతి దగ్గరిదైన ఎల్1 క్యాష్‌లోనే ఉన్నదాన్ని అందుకోవడానికి కోర్‌కు నాలుగైదు క్లాక్ సైకిళ్లు చాలు. అదే చిప్‌లోని మరో కోర్ చేతిలో ఉన్న లైన్ రావడానికి పదుల నానోసెకన్లు పడుతుంది. రెండు సాకెట్ల, అంటే రెండు ప్రాసెసర్ చిప్‌లున్న, యంత్రంలో అవతలి సాకెట్ నుంచి రావలసివస్తే అది తరచు వంద నానోసెకన్లు దాటుతుంది. నా అటామిక్ ఇంక్రిమెంట్ చేసిన కూడిక ఖర్చు దాదాపు సున్నా, ఖర్చంతా ఆ ప్రయాణానిదే. కోర్లు పెరిగిన కొద్దీ పోటీదారులూ దూరాలూ కూడా పెరుగుతాయి కనుక గ్రాఫు చదునుగా ఆగకుండా కిందికి వంగింది. 1967లో ఆమ్డాల్ చెప్పిన సూత్రం ప్రకారం పనిలో 5 శాతం వరుసగా జరగవలసివస్తే ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు మించదు. అది పైకప్పు గురించిన మాట మాత్రమే. కోర్లు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకోవడానికయ్యే ఖర్చును నీల్ గంథర్ తన సూత్రంలో విడిగా ఒక పదంగా చేర్చాడు, గ్రాఫు వెనక్కి తిరగడాన్ని ఆ పదమే వివరిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విడ్డూరం. ఇంటెల్, ఏఎమ్‌డీల ఎక్స్86 ప్రాసెసర్ల మీద లాక్-ఫ్రీ కోడును కంపైల్ చేసి అసెంబ్లీ చూస్తే, చాలా అటామిక్ ఇన్‌స్ట్రక్షన్ల ముందు ప్రిఫిక్స్‌గా కనబడే పదం 'లాక్'. ఏ పేరు వద్దని మనం అంత కష్టపడ్డామో హార్డ్‌వేర్ దాన్నే మళ్లీ రాసిపెడుతుంది.

లాక్-ఫ్రీ అన్న పదానికి ఉన్న అసలు అర్థం వేగానికి సంబంధించినది కాదు. ఎన్ని త్రెడ్లు ఎక్కడ ఆగిపోయినా, నడుస్తున్నవాటిలో ఏదో ఒకటి పరిమితమైన అడుగుల్లో తన పని ముగిస్తుందన్న భరోసాకే ఆ పేరు. ప్రతి త్రెడ్డూ పరిమితమైన అడుగుల్లో ముగిస్తుందంటే అది వెయిట్-ఫ్రీ. మారిస్ హెర్లిహీ 1991లో ఈ రెండో భరోసాను సాధించడానికి ఏయే హార్డ్‌వేర్ ఆపరేషన్లు సరిపోతాయో, ఏవి చాలవో వరుస కట్టి చూపించాడు. కంపేర్ అండ్ స్వాప్‌కు, అంటే 'ఇక్కడ ఇంకా పాత విలువే ఉంటే కొత్తది పెట్టు, లేకపోతే విఫలమయ్యానని చెప్పు' అనే ఆపరేషన్‌కు, అంత గౌరవం దక్కింది ఆ పనితోనే. అడుగుల లెక్కలో నానోసెకన్ల ఊసు లేదు.

ఐబీఎమ్‌లో ట్రైబర్ 1986లో రాసిన స్టాక్‌నే తీసుకుందాం, ఈ రంగంలో అందరూ మొదట నేర్చుకునే పాఠం అది. స్టాక్ అంటే నోడ్ల గొలుసు, దాని పైచివరను చూపే ఒక పాయింటర్. కొత్త నోడును ఎక్కించాలంటే ఆ పాయింటర్‌ను చదివి, కొత్త నోడు అది చూపే పాత పైనోడువైపు చూసేలా పెట్టి, కంపేర్ అండ్ స్వాప్‌తో పాయింటర్‌ను మార్చాలి. ఈలోగా వేరొకరు మార్చేసి ఉంటే మళ్లీ మొదటి నుంచి. పది వరుసల్లో ముగిసే అందమైన కోడు. అయితే 64 కోర్లు ఒకేసారి దాని మీద పడితే ఒక్కరు గెలుస్తారు, తక్కిన 63 మందీ క్యాష్ లైన్‌ను తమ దగ్గరికి రప్పించుకుని, విఫలమై, మళ్లీ రప్పించుకుంటారు. ఓడినవాళ్ల ప్రతి ప్రయత్నమూ గెలవబోయేవాడి దారికి అడ్డమే. మెల్లర్-క్రమ్మీ, స్కాట్ 1991లో ఇచ్చిన ఎమ్‌సీఎస్ లాక్‌లో దీనికి భిన్నంగా ఎదురుచూసే ప్రతి త్రెడ్డూ వరుసలో నిలబడి తన సొంత క్యాష్ లైన్‌నే చూస్తూ ఉంటుంది, వంతు వచ్చినప్పుడు ముందున్నవాడు వచ్చి తట్టి చెబుతాడు. పోటీ తీవ్రంగా ఉన్నప్పుడు అలాంటి లాక్‌తో కాపాడిన మామూలు స్టాక్ ముందు మొండిగా తిరిగే కంపేర్ అండ్ స్వాప్ లూపు నిలవలేకపోవడం నేను స్వయంగా కొలిచి చూసిన విషయం. 2013లో మోరిసన్, అఫెక్ రూపొందించిన క్యూ కూడా ఇదే మాటను మరో వైపు నుంచి చెబుతుంది: విఫలమయ్యే అవకాశమున్న కంపేర్ అండ్ స్వాప్‌ను పోటీ ఎక్కువగా ఉన్న చోటు నుంచి తప్పించి, పాత విలువను చదివి దానికి కలిపే, ఎప్పుడూ విఫలం కాని ఫెచ్ అండ్ యాడ్‌తో ఒక్కొక్క త్రెడ్డుకు ఒక్కొక్క గడి కేటాయించడమే దాని కీలకం. టోకెన్ తీసుకుని కూర్చున్న చోటికీ, కౌంటర్ దగ్గర తోసుకునే చోటికీ ఉన్న తేడా అది.

లాక్-ఫ్రీ అనవసరమని దీని అర్థం కాదు. లాక్ పట్టుకున్న త్రెడ్డును ఆపరేటింగ్ సిస్టమ్ సరిగ్గా ఆ క్షణంలోనే పక్కన పెడితే మిగతావన్నీ దాని కోసం కాచుకుని కూర్చోవాలి; నడుస్తున్న పనిని మధ్యలో ఆపి దూరే సిగ్నల్ హ్యాండ్లర్‌లో లాక్ పట్టడం మన గొయ్యి మనం తవ్వుకోవడమే; ఆడియో త్రెడ్డు లాంటి చోట్ల సగటు ఎంత బాగున్నా ఒక్క ఆలస్యం చాలు, శబ్దం పగులుతుంది. అలాంటి చోట్ల ఆ భరోసాకు ధర చెల్లించడం న్యాయమే. భరోసా కొనుక్కుని దాన్ని వేగమని పిలవడమే నాకున్న అభ్యంతరం.

పైగా ఆ ధరలో పెద్ద భాగం కనిపించని చోట ఉంటుంది. లింకులతో కట్టిన ఏ లాక్-ఫ్రీ స్ట్రక్చర్‌లోనైనా నోడును గొలుసు నుంచి తప్పించడం సులువు, దాని మెమొరీని తిరిగి ఇచ్చేయడం కష్టం. నేను తప్పించిన నోడును అదే క్షణంలో ఇంకో త్రెడ్ చదువుతూ ఉండవచ్చు, చదువుతున్నానని నాకు చెప్పవలసిన అవసరం దానికి లేదు. తొందరపడి ఫ్రీ చేస్తే ఆ త్రెడ్ చెత్తను చదువుతుంది. అంతకన్నా మాయదారిది ఏబీఏ సమస్య. ఒక త్రెడ్ స్టాక్ పైచివరనున్న ఏ అన్న నోడును తీయబోతూ, దాని కింద బీ ఉందని చూసుకుని ఆగిపోయింది. ఈలోగా ఇతరులు ఏ, బీ రెండింటినీ తీసేసి, ఫ్రీ అయిన ఏ చిరునామాలోనే మరో కొత్త నోడును పెట్టారు. నిద్ర లేచిన త్రెడ్ అక్కడ ఏ ఉండడం చూసి ఏమీ మారలేదనుకుని, ఎప్పుడో పోయిన బీని స్టాక్ పైన కూర్చోబెట్టింది. గుమ్మం మీద పాత పేరు పలకే ఉందని, లోపల అద్దెకున్నవాళ్లు మారిన సంగతి తెలియక సామాను దించి వచ్చినట్లుంటుంది. పాయింటర్ పక్కన వెర్షన్ సంఖ్య పెట్టి రెండింటినీ కలిపి మార్చడం ఒక మందు. మేజెడ్ మైఖేల్ 2004లో వివరంగా ప్రచురించిన హజార్డ్ పాయింటర్ల పద్ధతిలో ప్రతి త్రెడ్డూ తాను చూస్తున్న నోడు చిరునామాను బహిరంగంగా రాసిపెడుతుంది, ఎవరూ రాసిపెట్టని నోడునే ఫ్రీ చేస్తారు. 2002లో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చిన ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతిలో చదివేవారి మీద దాదాపు ఏ భారమూ ఉండదు, రాసేవాడే పాత పాఠకులందరూ వెళ్లిపోయేదాకా ఓపిక పడతాడు. చదవడం విపరీతంగా, రాయడం అరుదుగా జరిగే చోట ఆర్‌సీయూకు సాటి వచ్చేది నేను చూడలేదు.

జావాలో రాసేవారికి ఈ గొడవ చాలామటుకు లేదు, ఎవరూ వాడని మెమొరీని వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ ఆ పాట్లు తాను పడుతుంది. 1996లో మైఖేల్, స్కాట్ ప్రచురించిన లాక్-ఫ్రీ క్యూ ఆధారంగానే జావాలోని కాంకరెంట్ లింక్డ్ క్యూ నడుస్తోంది, అందులో ఎక్కడా మెమొరీ భయం లేదు. అదే క్యూను సి++లో రాయబూనినవాడు తాను సగం గార్బేజ్ కలెక్టర్‌ను కూడా రాయబోతున్నానని గ్రహించి కూర్చోవాలి. పండితులకూ ఇది తేలిక కాదు. రెండు వైపుల నుంచీ ఎక్కించి దించగలిగే ఒక లాక్-ఫ్రీ డెక్ 2000 సంవత్సరంలో సమీక్షలు దాటి ప్రచురితమైంది; తర్వాత దాని సరితనాన్ని యంత్రం సాయంతో నిరూపించబోతే అందులో దోషాలు బయటపడ్డాయి, ఆ సంగతి 2004లో అచ్చయింది. గడువు ముందు రాత్రి ఇలాంటి కోడు సొంతంగా రాద్దామనుకునేవారికి నేను ఈ కథే చెబుతాను. వింటారని నమ్మకం లేదు.

ఇప్పుడు నా వాదంలోని అసలు భాగానికి వస్తాను. యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం రాసిన పోసిక్స్ ప్రమాణంలో, ఫైలు తెరిచే ఓపెన్ అనే సిస్టమ్ కాల్ గురించి ఒక నియమం ఉంది: తిరిగి ఇచ్చే ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచిన ఫైలును సూచించే సంఖ్య, ఆ ప్రాసెస్‌లో ఖాళీగా ఉన్నవాటిలో కెల్లా చిన్న సంఖ్య అయి ఉండాలి. వినడానికి నిరపాయంగానే ఉంటుంది. కానీ ఒకే ప్రాసెస్‌లోని రెండు త్రెడ్లు ఏ సంబంధమూ లేని రెండు ఫైళ్లను ఒకేసారి తెరిచినా, ఎవరికి 5 రావాలి, ఎవరికి 6 రావాలి అన్నది తేల్చుకోవడానికి వాళ్లిద్దరూ ఎక్కడో ఒక చోట కలుసుకోక తప్పదు. ఎంత తెలివైన ప్రోగ్రామరైనా, ఎంత గొప్ప అల్గారిథమ్ అయినా ఆ కలయికను తప్పించలేదు. ఆ నియమమే దాన్ని శాసిస్తోంది. 'ఖాళీగా ఉన్న ఏదో ఒక సంఖ్య' అని రాసి ఉంటే ప్రతి కోర్ తనకంటూ ఒక సంఖ్యల మూటను దగ్గర పెట్టుకుని ఎవరినీ అడగకుండా ఇచ్చేది. 2013లో ఎమ్ఐటీ, హార్వర్డ్ పరిశోధకులు ఆస్టిన్ క్లెమెంట్స్ నేతృత్వంలో దీన్నే ఒక సాధారణ సూత్రంగా తీర్చి చెప్పారు: రెండు ఆపరేషన్లను ఏ వరుసలో చేసినా ఫలితంలో తేడా కనిపించదంటే, వాటిని కోర్ల మధ్య తగవు లేకుండా నడిపే అమలు ఒకటి సాధ్యమే. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ప్రోగ్రామర్ రోజువారీ పనికి ఇంతకన్నా ఉపయోగపడే మాట మరొకటి రాలేదు, ఎందుకంటే అది కోడు రాయకముందే, ఇంటర్‌ఫేస్‌ను చూసి అడగగల ప్రశ్న.

ఆ కంటితో చూస్తే తెలిసిన వస్తువులన్నీ వేరుగా కనిపిస్తాయి. కీని బట్టి విలువను వెతికిపెట్టే హ్యాష్ టేబుల్ స్వభావరీత్యా మంచిది, వేర్వేరు కీలు వేర్వేరు గడుల్లో పడతాయి కాబట్టి చాలా ఆపరేషన్లు ఒకరి ఊసు ఒకరికి లేకుండా సాగిపోతాయి. దాన్ని చెడగొట్టేది మొత్తం ఎన్ని ఉన్నాయని అడిగే సైజ్ అనే అమాయకమైన మెథడ్. జావా 5లో కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్ వచ్చినప్పుడు అది మామూలుగా 16 సెగ్మెంట్లుగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క లాక్‌తో ఉండేది. సైజ్ అడిగితే లాకులు లేకుండా లెక్కపెట్టి చూసి, మధ్యలో మార్పులు కనిపిస్తూనే ఉంటే చివరికి అన్ని సెగ్మెంట్లకూ తాళం వేసి లెక్కపెట్టేది. జావా 8లో దాన్ని తిరగరాసినప్పుడు ఆ పట్టుదల వదిలేశారు. లెక్కను విడివిడి గడుల్లో ఉంచి అడిగినప్పుడు కూడి చెబుతారు, ఆ కూడే లోపల సంఖ్య మారిపోవచ్చని డాక్యుమెంటేషన్‌లో నిజాయితీగా రాశారు. అదే జావా 8లో వచ్చిన లాంగ్ ఆడర్ కూడా అంతే: పోటీ కనిపించినప్పుడు ఒక్క అంకె కాస్తా అనేక గడులుగా విడిపోతుంది, ఏ రెండు గడులూ ఒకే క్యాష్ లైన్‌లో పడకుండా మధ్యలో ఖాళీ బైట్లు నింపుతారు. కూడికకు వరుస పట్టింపు లేదు, కలిపినవాడికి ఆ క్షణంలో మొత్తం ఎంతో తెలియనక్కరలేదు. ఈ రెండో మాటే మొత్తం రహస్యం. కలిపిన వెంటనే కొత్త మొత్తాన్ని తిరిగి ఇస్తానని హామీ ఇచ్చే కౌంటర్‌ను ఇలా విడదీయడం కుదరదు.

క్యూ సంగతి ఇంకా చిత్రం. ముందు వచ్చినవాడు ముందు అన్న నియమాన్ని యంత్రం మొత్తానికీ కచ్చితంగా పాటించాలంటే అన్ని కోర్లూ ఒకే చివర దగ్గర కలవాలి. థ్రెడ్ పూల్‌లో, అంటే పనుల కోసం సిద్ధంగా ఉంచుకున్న త్రెడ్ల గుంపులో, వేసే పనులకు ఆ కచ్చితత్వం ఎవరికి కావాలి? వర్క్ స్టీలింగ్ పద్ధతిలో ప్రతి త్రెడ్డుకూ సొంత డెక్ ఉంటుంది, తన పనులను ఒక చివర నుంచి తానే తీసుకుంటుంది, ఖాళీగా ఉన్న త్రెడ్లు మాత్రం అవతలి చివర నుంచి దొంగిలిస్తాయి. 2005లో చేజ్, లెవ్ ఇచ్చిన రూపంలో యజమానికీ దొంగకూ తగవు వచ్చేది దాదాపుగా చివరి ఒక్క పని మిగిలినప్పుడే. ప్రయారిటీ క్యూలో అన్నిటికన్నా చిన్నదాన్నే ఇవ్వాలన్న నియమాన్ని సడలించి, చిన్నవాటిలో ఏదో ఒకటి ఇస్తే చాలనుకుంటే, అనేక క్యూలను పెట్టి రెండింటిని యాదృచ్ఛికంగా ఎంచి వాటిలో మెరుగైనదాని నుంచి తీసుకునే మల్టీక్యూ పద్ధతి దొరుకుతుంది.

దీనికి బలమైన ఎదురు వాదం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయడం తగదు. హెర్లిహీ, జెనెట్ వింగ్ 1990లో ఇచ్చిన లీనియరైజబిలిటీ అన్న భావన ప్రకారం ప్రతి ఆపరేషనూ తన ఆరంభానికీ ముగింపుకూ మధ్య ఏదో ఒక్క క్షణంలో జరిగినట్లు కనిపించాలి. విడివిడిగా ఆ గుణమున్న స్ట్రక్చర్లను కలిపి వాడినా ఆ గుణం చెడదు. మనుషులు ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోగలగడానికి అది ఆధారం. హామీలను సడలించుకుంటూ పోతే, ఆరు నెలల తర్వాత వచ్చిన మరో ఇంజినీరు సడలింపు సంగతి తెలియక ఆ సుమారు సంఖ్యతో బిల్లులు వేస్తాడు. నిజమే, అలాంటిది జరగడం నేనూ చూశాను. కాబట్టి సడలింపు టైపు పేరులోనే తెలియాలి, మెథడ్ పేరులోనే తెలియాలి, కామెంట్‌లో దాక్కోకూడదు. ఖాతా నిల్వ, టికెట్ల సంఖ్య లాంటి చోట్ల సడలింపు ప్రసక్తే లేదు, అక్కడ కోర్లు కలవవలసిందే. కలవక తప్పనప్పుడు పద్ధతిగా కలవాలి. హెండ్లర్, ఇన్‌జే, షవీత్, జఫ్రీర్ 2010లో చూపిన ఫ్లాట్ కంబైనింగ్ అందుకు మంచి మార్గం: ప్రతి త్రెడ్డూ తనకు కావలసిన పనిని తన చీటీలో రాసిపెడుతుంది, లాక్ దొరికిన ఒక్క త్రెడ్ అందరి చీటీలనూ చదివి అందరి పనులూ తానే చేసిపెడుతుంది. పట్నం బయలుదేరినవాడికి నాలుగిళ్ల వాళ్లూ చీటీలిచ్చి పంపినట్లు. స్ట్రక్చర్ ఒకే కోర్ క్యాష్‌లో వెచ్చగా ఉండిపోతుంది, లాక్ చేతులు మారడం తగ్గుతుంది. ఇందులో లాక్ ఉందని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

కొలతల విషయం క్లుప్తంగా చెబుతాను. లాప్‌టాప్ మీద కొలిచిన ఫలితాలను రెండు సాకెట్ల సర్వర్‌కు అంటగట్టకూడదు. వేరే పనేమీ లేకుండా ఎక్కించడం, దించడం మాత్రమే చేసే పరీక్ష నిజజీవితంలో ఎన్నడూ లేని పోటీని కొలుస్తుంది. సంబంధం లేని రెండు అంకెలు ఒకే లైన్‌లో పడి తగవులాడుకునే ఫాల్స్ షేరింగ్‌ను 64 బైట్ల లెక్కతో సరిచేసి ఊరుకుంటే, 128 బైట్ల లైన్లున్న ఆపిల్ ఎమ్1 మీద అది మళ్లీ లేచి వస్తుంది.

మా కౌంటర్ దగ్గరికి తిరిగి వస్తే, నేను చివరికి చేసిన పని కోడు మూసేసి, ఆ సంఖ్యను చూసే ఆపరేషన్స్ బృందం సహోద్యోగి దగ్గరికి వెళ్లడం. "ఈ లెక్క మీరు ఎంత తరచుగా చూస్తారండీ?" అని అడిగాను. నిమిషానికొకసారి గ్రాఫులోకి వెళుతుందని, ఆ గ్రాఫును కూడా ఏదైనా తేడా వచ్చిన రోజే తెరుస్తామని ఆయన చెప్పారు. సెకనుకు లక్షల సార్లు 64 కోర్లు కలిసి కాపాడుతూ వచ్చిన కచ్చితత్వాన్ని వాడుకుంటున్నవారు ఎవరూ లేరు. ప్రతి త్రెడ్డుకూ సొంత కౌంటర్ పెట్టి నిమిషానికొకసారి కూడితే సరిపోయింది, గ్రాఫు నిటారుగా లేచింది.

ఆ సర్వీసులో కాన్ఫిగరేషన్‌ను మార్చేటప్పుడు పట్టే మామూలు మ్యూటెక్స్ ఒకటి ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరిన ఒక కుర్రాడు పోయిన నెల దాన్ని లాక్-ఫ్రీగా మారుస్తానని ఉత్సాహంగా వచ్చాడు. దాని కోసం రోజుకు ఎన్ని త్రెడ్లు ఎంతసేపు ఎదురుచూస్తున్నాయో ముందు కొలుచుకుని రమ్మన్నాను, ఇంకా రాలేదు.